అమ్మ చేతికి సరిపోయే కత్తి

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు 31 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాను. మా సొంతూరు పుత్తూరు దగ్గర. సొంతంగా ఒక కత్తి తయారు చేయాలని ఏడాదిగా పిచ్చి పట్టుకుంది. వీడియోలు చూసి మిద్దె మీద ఇటుకలు పేర్చి, హెయిర్ డ్రయ్యర్‌తో గాలి కొట్టి చిన్న కొలిమి చేసుకున్నాను. మొదటిసారి, ఇల్లు కట్టగా మిగిలిన కమ్మీ ముక్కతో కత్తి కొట్టాను. చూడ్డానికి బాగానే వచ్చింది గానీ ఎంత నూరినా రెండు రోజుల్లో మొద్దుబారిపోతోంది. రెండోసారి లారీ కమాను పట్టీ ముక్క తెచ్చి కొట్టి, ఎర్రగా కాల్చి, బకెట్ నీళ్లలో ముంచాను. టింగుమని శబ్దం వచ్చి మధ్యలో పగిలింది. ఆ రోజు ఏడ్చేశాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, కత్తిపీట ముందు కూర్చోలేకపోతోంది. నిలబడి కూరగాయలు తరుక్కోవడానికి ఆమెకు నా చేత్తో ఒక కత్తి చేసివ్వాలని ఉంది. నేను గీసుకున్న డిజైన్ కూడా పంపుతున్నాను. మా మేనమామేమో ఆడపిల్లకు కొలిమి పనేంది, ఇంట్లో కత్తులు చేస్తే పోలీసులొస్తారు అంటాడు. ఇంటి ఓనరు పొగ గురించి గొడవ పెడుతున్నాడు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను? ఏ ఉక్కు కొనాలి? అసలు ఇది నాకు వచ్చే పనేనా?
ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా, ఆ పగిలిన ముక్కలు పారేయలేదు కదా? దాచి ఉంటే వాటిని ఎండలోకి తీసుకొచ్చి, పగిలిన చోటును దగ్గరగా పెట్టుకుని చూడు. పాకాల వైపు ఒక పల్లెలో నాకు ఈ పని నేర్పిన పెద్దాయన, నా మొదటి కత్తి పగిలినప్పుడు ఆ ముక్కను నా అరచేతిలో పెట్టి "ఉప్పా, విభూదా చూడు" అన్నాడు. పగిలిన చోట ఉప్పురవ్వ చల్లినట్టు మిలమిలా మెరుస్తుంటే ఉక్కు ఎక్కువ కాలిందని అర్థం. అతిగా కాలిన ఉక్కులో గింజ, అంటే లోపలి సన్నటి స్ఫటికం, పెద్దదవుతుంది, గింజ పెద్దదైతే ఉక్కు పెళుసవుతుంది. అక్కడ విభూదిలా మెత్తగా, మెరుపు లేకుండా బూడిదరంగులో ఉంటే నీ అగ్గి సరిగానే ఉంది, తప్పంతా నీళ్లదే. నీ ఉత్తరం చదివితే రెండూ కలిసి ఉంటాయని నాకనిపిస్తోంది. హెయిర్ డ్రయ్యర్ గాలి ఆపకుండా కొడితే బొగ్గు ఎంత వేడెక్కుతుందో మనకు తెలీదు, కత్తి మొన పలచగా ఉంటుంది కాబట్టి అదే ముందు మాడిపోతుంది.

నువ్వు ఏడ్చిన రోజు గురించి రాశావు. నాకు మొదటి నాలుగు కత్తుల్లో మూడు పోయాయి. ఒకటి నీళ్లలో పగిలింది, ఒకటి వంకర తిరిగింది, ఒకటి చేతిలోంచి జారి గచ్చు మీద పడి గాజు గ్లాసులా రెండు ముక్కలైంది. ఆ ముక్కలన్నీ ఇప్పటికీ నా దగ్గర ఒక డబ్బాలో ఉన్నాయి. నీవి కూడా దాచుకో, రేపు నువ్వు చేసే మంచి కత్తిని వాటితో పోల్చి చూసుకోవచ్చు.

ఇక కమ్మీ సంగతి. ఇళ్లకు వాడే టీఎంటీ కమ్మీలో కార్బన్ చాలా తక్కువ, మామూలుగా 0.3 శాతానికి లోపే. దాన్ని ఫ్యాక్టరీలో ఎర్రగా ఉండగానే నీళ్లతో పై పొరను గట్టిపరుస్తారు, లోపల మెత్తగా వదిలేస్తారు. భూకంపం వచ్చినా వంగాలే గానీ విరగకూడదని అట్లా చేస్తారు. నువ్వు దాన్ని కొలిమిలో పెట్టగానే ఆ పై పొర గట్టిదనం కూడా పోతుంది. తర్వాత ఎన్నిసార్లు కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు, అంత కార్బన్ దాంట్లో లేదు. కాబట్టి ఆ మొద్దుబారడం నీ చేతి తప్పు కాదు, ఎంత బాగా నూరినా ఆ ఇనుము నిలవదు. దాన్ని పూల కుండీల దగ్గర మట్టి తవ్వుకోవడానికి ఉంచుకో.

కమాను పట్టీ మాత్రం సరైన ఎంపిక. దాంట్లో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది, సిలికానో క్రోమియమో కలిపి ఉంటారు. మన వైపు కమ్మరులు మచ్చుకత్తులు, కొడవళ్లు దాంతోనే కొడతారు. అయితే గుజిరీ అంగడిలో దొరికే పాత పట్టీకి ఒక జబ్బు ఉంది. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి కంటికి కనపడని పగుళ్లు పడి ఉంటాయి. నువ్వు నెల రోజులు కష్టపడ్డాక ఆఖర్లో అవి బయటపడతాయి. అందుకని కమాన్లు బిగించే షెడ్డుకు వెళ్లి, కొత్త పట్టీ కోసినప్పుడు మిగిలిన తుంట అడుగు. లారీ పట్టీ వద్దు, అది లావు. దాన్ని ఒక్క చేత్తో సాగగొట్టాలంటే భుజాలు పడిపోతాయి. జీపుదో చిన్న ట్రాలీ బండిదో అయితే ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, అడుగు పొడవు ముక్క చాలు. తెచ్చాక అంతా ఒకేసారి వాడేయకుండా కొస నుంచి రెండు అంగుళాలు కోసి దాన్ని కాల్చి, నూనెలో ముంచి, గోనెపట్టా కప్పి సుత్తితో విరగ్గొట్టి చూడు. ఆకురాయి దాని మీద పట్టు దొరక్క జారిపోతే, విరిగిన చోట విభూది కనపడితే, ఆ ఉక్కును నమ్మొచ్చు.

అలలు అలలుగా గీతలున్న డమాస్కస్ కత్తుల వీడియోలు కూడా నువ్వు చూసే ఉంటావు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించినవి. అసలు పాతకాలం డమాస్కస్ కత్తుల వెనక ఉన్నది మన దక్షిణాది మూస ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రల్లో వండిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు దాన్ని వుట్జ్ అన్నారు, అది మన ఉక్కు అన్న మాటే. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ పొరలు అతికించే పని నీకు ఇప్పుడే వద్దు. రెండు మూడేళ్ల తర్వాత చూద్దాం.

ఇప్పుడు నువ్వు పంపిన బొమ్మ దగ్గరికి వస్తాను. నా అభిప్రాయం దాచుకోకుండా చెప్తాను. 12 అంగుళాల పొడవు, రెండు వైపులా వాదర (పదునంచు), వీపు మీద రంపం పళ్లు, మధ్యలో రంధ్రాలు. గీత చాలా బాగుంది, నీ చేతిలో బొమ్మ ఉంది. కానీ ఆ కత్తిలో మీ అమ్మ ఎక్కడా లేదు. బెండకాయలు తరగడానికి రంపం పళ్లెందుకు? వీపు వైపు కూడా పదునుంటే ఆమె ఎడమచేతి వేలు ఎక్కడ ఆనించాలి?

కొలిమి ముట్టించే ముందు ఒక వారం రోజులు అమ్మ పక్కన వంటింట్లో నిలబడు. ఆమె రోజూ ఏం తరుగుతుంది, ఎంత తరుగుతుంది, ఏది తరిగేటప్పుడు విసుక్కుంటుంది, చూసి రాసుకో. కత్తిపీట మీద పనిచేసే మనిషికి, చాకుతో పనిచేసే మనిషికి చేతుల అలవాటు వేరు. కత్తిపీట దగ్గర వాదర కదలదు, కాయ కదులుతుంది. రెండు చేతులతో కాయను పట్టుకుని వాదర మీదికి నెడతాం, పీటను కాలితో తొక్కి పెడతాం. ఒంటి బరువంతా సాయం వస్తుంది. నిలబడి చాకుతో కోసేటప్పుడు ఆ సాయం లేదు, పనంతా ఒక్క మణికట్టు మీద పడుతుంది. నలభై ఏళ్లు కత్తిపీట మీద కోసిన మనిషికి బరువైన కత్తి ఇచ్చావనుకో, రెండు రోజులు నీ ముచ్చట కోసం వాడి, మూడో రోజు అటక మీద పెడుతుంది. కాబట్టి ఆమె కత్తి తేలిగ్గా ఉండాలి, పలచగా ఉండాలి, నొక్కకుండానే దిగాలి.

ఒక తెల్లకాగితం మీద ఆమె కుడిచేయి పెట్టించి పెన్సిలుతో గీత గీసుకో. తర్వాత పాత అట్టపెట్టె కోసి, నాలుగు పొరలు అంటించి, అట్టతోనే కత్తి ఆకారం చెయ్యి. అది ఆమెకిచ్చి, కూరగాయలు కోసే చెక్క మీద ఉల్లిపాయ కోస్తున్నట్టు ఆడించమను. అప్పుడు చెక్కకు, ఆమె వేళ్ల కణుపులకు మధ్య ఎంత సందు ఉందో చూడు. చాలామంది మొదటి కత్తిలో చేసే తప్పు ఇదే. బ్లేడు వెడల్పు చాలక ప్రతి కోతకీ వేళ్లు చెక్కకు తగులుతుంటాయి. నా లెక్క ప్రకారం మీ అమ్మకు బ్లేడు 6 అంగుళాలు, పిడి దగ్గర వెడల్పు 42 మిల్లీమీటర్లు, పిడి 11 నుంచి 12 సెంటీమీటర్లు సరిపోతుంది. వీపు మందం పిడి దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, మొన వైపు పోయేకొద్దీ ఒకటిన్నరకు తగ్గాలి. అంతా కలిపి 150 గ్రాముల చుట్టూ తూగుతుంది. అయితే నా లెక్క కన్నా ఆమె చేయి చెప్పేదే నిజం. అట్ట కత్తి మూడు సార్లు మార్చాల్సొచ్చినా మార్చు, అట్టను కత్తిరించడం ఉక్కును అరగదీసినంత కష్టం కాదు కదా.

స్థలం విషయంలో మాత్రం మీ ఓనరు వైపే మాట్లాడతాను. అద్దె ఇంటి మిద్దె మీద కొలిమి వద్దు. నిప్పురవ్వ గాలికి లేచి పక్కింటి బట్టల మీద పడితే చాలు. పైగా సిమెంటు గచ్చు మీద నేరుగా అగ్గి పెడితే గచ్చు పెచ్చులు పేలి కంట్లో కొడతాయి. మీ ఊర్లో పాత పశువుల కొట్టం లాంటిది ఏదైనా ఉంటే దాని పక్కన, చుట్టూ ఎండుగడ్డి, వామి లేని చోట పెట్టుకో. నెలకు రెండు ఆదివారాలు అక్కడ కాలిస్తే చాలు. రాయడం, గీయడం, ఆకురాయి పట్టడం, పిడి చెక్కడం తిరుపతి ఇంట్లోనే చేసుకోవచ్చు. నిజానికి కత్తి పనిలో మూడొంతులు అదే.

కొలిమికి మట్టి, ఇటుకలు, చేతితో తిప్పే చిన్న బ్లోయరు చాలు. డ్రయ్యర్ కంటే అదే మేలు, గాలి నీ చేతిలో ఉంటుంది. బొగ్గు తుమ్మది తీసుకో. దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) కోసం రైలు పట్టా ముక్క వాడమని వీడియోల్లో చెప్తుంటారు. బిల్లు లేని పట్టా ముక్క ఎవరు ఇచ్చినా తీసుకోకు, రైల్వే ఆస్తి దగ్గరుంచుకుంటే దానికి వేరే చట్టమే ఉంది. వర్క్‌షాపులో మిగిలిన పదిహేను ఇరవై కిలోల ఇనుప దిమ్మె ఒకటి, తుమ్మమొద్దులో బిగించుకుంటే సరిపోతుంది. సుత్తి ఒక కిలోది చాలు. పట్టుకారు మాత్రం మంచిది కొను. కాలిన ఉక్కు పట్టులోంచి జారి పడే ప్రమాదమే అన్నిటికన్నా ఎక్కువ.

ఆడపిల్లకు కొలిమేంది అన్న మీ మామయ్యకు ఒక మాట చెప్పు. కమ్మరి ఇళ్లలో తిత్తి ఊదింది ఎవరు? ఆ ఇంటి ఆడవాళ్లే. ఊరూరా తిరిగి పనిముట్లు చేసే లోహార్ల దగ్గర ఆడవాళ్లు సమ్మెట ఎత్తి కొడుతుంటే, మగవాళ్లు పట్టుకారుతో ఇనుమును తిప్పుతుంటారు. ఆ పని చూసినవాళ్లెవరూ ఇది ఆడవాళ్లది కాదు అనరు. నువ్వు చేసే కత్తికి సమ్మెట కూడా అక్కర్లేదు. బలం కాదు కావలసింది, ఉక్కు నారింజ రంగులో ఉన్నప్పుడు మాత్రమే కొట్టి, ఎరుపు మసకబారగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టే ఓపిక. చల్లబడిన ఉక్కును కోపంతో కొట్టినవాళ్లందరి కత్తుల్లో పగుళ్లు ఉంటాయి. బట్టల సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. చున్నీ తీసి పక్కన పెట్టు, జుట్టు ముడేసుకో, నూలు బట్టలే వేసుకో. పాలిస్టర్ మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాళ్లకు తోలు బూట్లు, కళ్లకు అద్దాలు లేకుండా సుత్తి ముట్టుకోకు. గ్రైండర్ వాడితే ముక్కుకు మంచి మాస్కు. తెల్లగా జింకు పూత ఉన్న ఇనుమును ఎప్పుడూ కాల్చొద్దు, ఆ పొగ పీలిస్తే వణుకు జ్వరం వస్తుంది.

ఇంకొకటి. మీ ఊరి చుట్టుపక్కల ఇంకా పనిచేస్తున్న కొలిమి ఎక్కడో ఒకటి ఉంటుంది, వెతుకు. వెళ్లి ఒక రోజు నీకు నేర్పమని అడుగు. ఆ రోజు కూలి ఎంతవుతుందో ముందే మాట్లాడి చేతిలో పెట్టు. కొడవళ్లు అంగట్లో రెడీమేడ్‌గా దొరకడం మొదలయ్యాక వాళ్ల పని సగానికి పడిపోయింది, పిల్లలు వేరే ఉద్యోగాలకు పోయారు. వాళ్ల దగ్గర ఉచితంగా నేర్చుకుని, ఫోటోలు తీసుకుని వచ్చేయడం నాకు నచ్చదు. ఆ పెద్దమనిషి ఉక్కు రంగు చూసి "ఇప్పుడు తియ్" అనే ఒక్క క్షణం పక్కనుండి చూస్తే వంద వీడియోలు చూసినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఆ రంగు గురించే ఇప్పుడు చెప్తాను. కత్తి కత్తి అయ్యేది ఇక్కడే. ఆకారం ఎంత బాగా కొట్టినా, ఈ పావుగంట చెడితే మిగిలేది ఇనుప రేకు. ఇట్లా కాల్చి ముంచి గట్టిపరచడాన్ని పాత కమ్మరులు పాయనం పెట్టడం అనేవాళ్లు.

కొట్టడం పూర్తయ్యాక ఉక్కు లోపల గింజ చెదిరి ఉంటుంది. దాన్ని సర్దడానికి ఎర్రగా కాల్చి, ముంచకుండా, గాల్లో పట్టుకుని చల్లారనివ్వు. ఇట్లా మూడుసార్లు. తర్వాత మరోసారి కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేస్తే ఆకురాయికి మెత్తగా లొంగుతుంది. అప్పుడు ఆకారం సరిచేసుకో. కానీ వాదర దగ్గర ఒక మిల్లీమీటరు మందం తప్పకుండా వదులు. కాగితంలా పలచగా చేసి ముంచితే అలలు తిరిగిపోతుంది, లేదా చిట్లుతుంది.

పాయనం పెట్టే రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఎంచుకో. మన తిరుపతి ఎండలో మిట్టమధ్యాహ్నం ఉక్కు రంగు కంటికి ఆనదు, ఉన్నదానికన్నా తక్కువ కాలినట్టు మోసం చేస్తుంది. చీకటి పడుతున్నప్పుడు అదే ఉక్కు నేరేడు రంగు నుంచి దానిమ్మ గింజ రంగుకు, అక్కడి నుంచి పండిన టమాటా రంగుకు మారడం స్పష్టంగా కనిపిస్తుంది. గాలి మెల్లగా తిప్పుతూ, కత్తిని వీపు కిందికి, వాదర పైకి ఉండేలా బొగ్గు మీద ముందుకూ వెనక్కూ ఆడిస్తుండు. ఒక దశలో చూస్తావు, ఎర్రటి బ్లేడు లోపల నీడలాంటిది కదులుతుంది. మేఘం నీడ చేను మీద పాకినట్టు ఉంటుంది. ఉక్కు లోపలి అమరిక మారుతూ వేడిని తాగేస్తున్నందుకు అక్కడ కాసేపు నల్లబడుతుంది. నేను ఎన్నో కత్తులు చేశాను, ఇప్పటికీ ఆ నీడ కనపడినప్పుడు ఊపిరి బిగబడతాను. ఆ నీడ మొన దాకా పాకి మాయమైపోయి, బ్లేడంతా ఒకే రంగులో నిలబడాలి. కన్ను ఇంకా అలవాటు పడలేదు కాబట్టి పొడవాటి కమ్మీకి చిన్న అయస్కాంతం కట్టుకుని తాకించి చూడు. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. అంటకపోగానే ముంచేయొద్దు, అక్కడి నుంచి ఒక ఛాయ పైకి, రెండు మూడు నిమిషాలు అదే వేడిలో ఉంచాలి. అంతకుమించి పసుపుకు పోనివ్వకు. పసుపుకు పోతే మళ్లీ ఉప్పురవ్వే.

ముంచేది నూనెలో. నీళ్లు ఎర్రటి ఉక్కు వేడిని ఒక్కసారిగా లాగేస్తాయి, కమాను పట్టీ ఆ దెబ్బకు తట్టుకోలేదు, అందుకే నీకు టింగుమంది. మన దగ్గర చెనిక్కాయ నూనెకు కొదవా? మూడు లీటర్లు నిలువుగా ఉండే ఇనుప డబ్బాలో పోసి, 50 నుంచి 60 డిగ్రీల దాకా, అంటే వేలు పెడితే చురుక్కుమనేంత వేడి చెయ్యి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని సరిగా లాగదు. బండి ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిలు వద్దే వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు విషం. ప్లాస్టిక్ బకెట్ పొరపాటున కూడా దగ్గరికి తేకు. కత్తిని మొన కిందికి పెట్టి నిట్టనిలువుగా ఒక్క ఊపులో దించు, పక్కలకు ఆడించకు, పైకీ కిందికీ మాత్రమే. పక్కలకు ఆడిస్తే ఒక వైపు ముందు చల్లబడి వంకరపోతుంది. నూనె పైన మంట లేస్తుంది, కంగారు పడకు. ఇనుప మూత పక్కనే పెట్టుకుని ఉండు, మంట ఆగకపోతే మూత పెట్టేయ్. నూనె మంట మీద నీళ్లు మాత్రం పోయకూడదు. ఆ రోజు పక్కన ఇంకో మనిషి ఉండాలి. మీ మామయ్యనే పిలువు, ఆయనకూ ఒక పని దొరుకుతుంది.

నూనెలోంచి తీసి తుడిచి, కొస మీద ఆకురాయి పెట్టి చూడు. గాజు మీద గీసినట్టు జారిందంటే గట్టిపడింది. సంతోషంతో ఎగరాలనిపిస్తుంది. ఎగురు, కానీ కత్తిని మెత్తటి గుడ్డ మీద పెట్టి ఎగురు. నా మూడో కత్తి గచ్చు మీద పడి రెండైంది ఈ దశలోనే. ఇప్పుడు అది గాజు, దాని పెళుసుతనం తీసేయాలి. ఒక గంటలోపే ఓటీజీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ రెండు గంటలు. ఓవెన్ మీది నంబరును నమ్మకు. లోపల పెట్టే థర్మామీటరు ఒకటి కొని, ట్రేలో ఇసుక పోసి, ఇసుకలో కత్తిని పడుకోబెట్టు, వేడి హెచ్చుతగ్గులు తగ్గుతాయి. బయటికి తీశాక రుద్దిన చోట లేత ఎండుగడ్డి రంగు రావాలి. నీలం వచ్చిందంటే మెత్తబడిపోయింది, మళ్లీ మొదటి నుంచి కాల్చుకోవాలి. ఇక్కడి నుంచి గ్రైండర్ పట్టినా సరే, బ్లేడు వేలికి వేడి తగిలిన ప్రతిసారీ నీళ్లలో ముంచుకో. ఒక్క క్షణం వాదర నీలంగా మారితే అంత కష్టమూ ఆ చోట పోయినట్టే.

పిడి విషయంలో ఒక హెచ్చరిక. మన జిల్లాల్లో ఎర్రచందనం ముక్క ఎవరో ఒకరు "ఇంట్లో ఎప్పటిదో ఉంది" అని తెచ్చిస్తారు. రంగు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. తీసుకోకు. అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం చిన్న ముక్కైనా కేసే. శేషాచలం కొండల్లో ఆ చెట్ల కోసం ఎంత నష్టం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. చింత చేవ దొరికితే అంతకు మించిన పిడి లేదు, గట్టిగా ఉంటుంది, అరిగేకొద్దీ నునుపెక్కుతుంది. పాత టేకు తలుపు చెక్క కూడా మంచిదే. తోక (పిడిలోకి పోయే ఉక్కు భాగం) మొత్తం పిడి పొడవునా ఉంచి, రెండు వైపులా చెక్క పెట్టి, 5 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ రెండు చోట్ల దింపి, ఆరల్డైట్‌తో అంటించు. ఆ రంధ్రాలు పాయనం పెట్టక ముందే వేసుకోవాలి, తర్వాత డ్రిల్లు దిగదు. మెరిసేలా వార్నిష్ కొట్టకు. తడిచేతికి జారుతుంది. అవిసె నూనె నాలుగు పూతలు రుద్ది ఆరబెట్టు.

పోలీసుల భయం గురించి. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు, శాస్త్ర పనులకు చేసినవాటిని అందులోంచి మినహాయించారు. ఆరు అంగుళాల కూరగాయల కత్తి ఏ రకంగా చూసినా ఆ జాబితాలోకి రాదు. నీ బొమ్మలో ఉన్న 12 అంగుళాల రెండంచుల కత్తి అట్లా కాదు. మీ మామయ్య భయపడింది బహుశా ఆ బొమ్మ చూసే అయ్యుంటుంది, ఆ మాట వరకు ఆయన చెప్పింది న్యాయమే. కొత్త అట్ట కత్తి చూపించు, మెత్తబడతాడు. ఊర్నుంచి తిరుపతికి బస్సులో తెచ్చేటప్పుడు వాదరకు అట్ట తొడిగి, గుడ్డ చుట్టి బ్యాగు అడుగున పెట్టు. చేసిన సంతోషంలో స్వామి పాదాల దగ్గర పెట్టించాలని అలిపిరికి మాత్రం తీసుకెళ్లకు, తనిఖీలో ఆపేస్తారు. దసరాకు ఇంట్లో ఆయుధపూజలో పెట్టుకో, నీ సుత్తి, ఆకురాయి పక్కనే.

నూరడానికి వెయ్యి నంబరు సానరాయి ఒకటి చాలు. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలు, ఆఖర్లో పాత తోలు బెల్టు మీద పది సార్లు వెనక్కు లాగు. మాగిన టమాటా మీద కత్తి బరువుతోనే వాదర తోలులోకి దిగిపోవాలి, నువ్వు నొక్కకూడదు.

ఇది నీకు వచ్చే పనేనా అని అడిగావు. ఎవరూ చెప్పకుండా నూనె లేకుండా, అయస్కాంతం లేకుండా, ఒక హెయిర్ డ్రయ్యర్‌తో కమాను పట్టీని కత్తి ఆకారానికి తెచ్చిన మనిషివి నువ్వు. వస్తుంది.

అమ్మకు ఇచ్చేటప్పుడు రెండు సంగతులు ఆమెకు చెప్పు. ఇది స్టెయిన్‌లెస్ కాదు, చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ తగిలితే నీలంగా, బూడిదగా మచ్చ పడుతుంది. అది పాడవడం కాదు, ఆ మచ్చే నెమ్మదిగా ఒక పొరలా మారి తుప్పును కొంత ఆపుతుంది. పీచుతో తోమి తెల్లగా చేయాలని చూడొద్దు. కోసిన వెంటనే కడిగి తుడిచి, ఊరికి పోయే రోజుల్లో ఒక చుక్క నూనె రాస్తే చాలు. రెండోది, వచ్చే వేసవిలో మీ ఊరి తోటలోంచి కాయలొచ్చినప్పుడు ఈ కత్తితో ఆవకాయ ముక్కలు కొట్టొద్దు. టెంక మీద పడితే ఇంత పలచటి వాదర చిట్లుతుంది. టెంకకు లావుపాటి కత్తి వేరే కావాలి. దాని బొమ్మ ఎట్లా గీయాలో ఈ కత్తి పూర్తయ్యాక ఉత్తరం రాయి, చెప్తాను.